లుంకాలో ఎవరూ తాగరు

అక్టోబరు 2, గురువారం

పొద్దున్నే ఫారాలన్నీ వరసగా పేర్చి చూస్తే నలభై మూడింటికి నలభై మూడూ "లేదు" అనే ఉన్నాయి. ఎక్కడైనా రెండు కాగితాలు అంటుకుపోయాయేమోనని మళ్ళీ తిరగేశాను. అంటుకోలేదు. లుంకాలో కడుపుతో ఉన్నవాళ్ళు, చంటిబిడ్డల తల్లులు కలిపి నలభై మూడు మంది. వాళ్ళలో ఒక్కరు కూడా గర్భంతో ఉండగా మద్యం ముట్టలేదు.

దీన్ని ఏ మాటతో చెప్పాలో తెలియడం లేదు. 'ఆశ్చర్యం' చాలదు, 'నివ్వెరపాటు' ఎక్కువవుతుంది. రెండింటికీ మధ్య ఒక మాట ఉండాలి. దొరికాక రాస్తాను.

రాజధాని కిషినౌలో బయల్దేరేముందు డాక్టర్ చెబోతారు అనే ఆవిడ, సర్వేకి వెళ్ళే మా పన్నెండు మందినీ కూర్చోబెట్టి చెప్పిన మాటలు నోట్‌బుక్కు మొదటి పేజీలోనే ఉన్నాయి. "తల్లి తాగింది బిడ్డ మెదడు దాకా వెళ్తుంది. పుట్టినప్పుడు తెలియదు. బడికెళ్ళాక తెలుస్తుంది. అప్పుడు మొద్దు పిల్లలని తిట్టి వదిలేస్తారు. ఏ ఊళ్ళో ఆ తాగుడు ఉందో మీరు తేలిస్తే, వసంతంలో అక్కడికి పిల్లల వైద్యుల్నీ, మాటలూ చదువూ నేర్పే నిపుణుల్నీ పంపిస్తాం. అన్ని ఊళ్ళకీ పంపేంత మంది మా దగ్గర లేరు. అందుకే సరిగ్గా అడగండి."

సరిగ్గానే అడిగాను. నాకు లుంకా ఇవ్వడానికి కారణం మా తుదోరా పెద్దమ్మ. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ ఊరి ఆరోగ్య కేంద్రంలో ఆవిడే నర్సు. ప్రతి ఇంటికీ నాతో వచ్చింది. ఆవిడ గేటు దగ్గర దగ్గితే చాలు, కుక్కని కట్టేసి కుర్చీ తుడుస్తారు. నేను ప్రశ్న చదువుతుంటే ఆవిడ పక్కన కూర్చుని బిడ్డ బరువు చూసేది, లేకపోతే ఆ ఇంటావిడకి రక్తపోటు చూసేది. పని ఎంత సాఫీగా సాగిందో.

ఏడో ఫారం జీనా వదినది. పెద్దమ్మ కోడలు. ఐదో నెల. లేదు.

లుంకా ఆడవాళ్ళు వివేకవంతులు. 'వివేకవంతులు'. ఈ మాట బాగుంది.


అక్టోబరు 4, శనివారం

ద్రాక్ష కోత. చేతులు జిగురు జిగురుగా ఉన్నాయి, రెండుసార్లు కడిగినా పేజీకి అంటుకుంటున్నాయి.

తెల్లారేసరికి ఇంటి వెనక వరసల్లో పదకొండు మందిమి. పెద్దమ్మ కొడుకు గ్రిగొరె అన్నయ్య బుట్టలు మోశాడు, మేం కోశాం. జీనా వదిన వంగలేక, నిలబడి కోయగలిగిన పై గుత్తులే కోసింది. వాళ్ళ కూతురు అనీషోరా ఒక గుత్తి కోసి బుట్టలో వేసేది, మరోటి కోసి తినేది, ఆ తర్వాత కోయడం సంగతి మర్చిపోయి సాలీడు వెనక పడేది. ఏడేళ్ళ పిల్ల. ఐదేళ్ళదానిలా ఉంటుంది. కనబడిన ప్రతివాళ్ళ నడుమూ వాటేసుకుంటుంది, కొత్తవాళ్ళయినా సరే.

మధ్యాహ్నం పెరట్లో బల్ల వేశారు. మొక్కజొన్న పిండితో చేసే మమలిగ, గొర్రెపాల జున్ను, వేయించిన మిరపకాయలు, కోడి పులుసు. పీపాలోంచి కూజా నింపి తెచ్చారు. బల్లకంతా ఒకటే గ్లాసు, అది పెద్దమ్మ దగ్గర మొదలైంది. ఆవిడ తాగి, నింపి అన్నయ్యకిచ్చింది. అన్నయ్య తాగి, నింపి నాకిచ్చాడు. నేను తాగి, నింపి జీనా వదినకిచ్చాను.

"చదువుకున్న పిల్ల చూడండి, అంచుకి వేలెడు తక్కువ పోసింది" అన్నాడు అన్నయ్య. "కిషినౌలో కొలిచి పోస్తారు కాబోలు."

"నీలాగా బల్ల మీద పొయ్యమంటావా?" అన్నాను.

"పిల్లకి చెయ్యి తిరగలేదు, వదిలెయ్యరా" అంది పెద్దమ్మ. "పొయ్యి పిల్లా, నిండా పొయ్యి. దానికిప్పుడు ఇద్దరి రక్తం కావాలి."

నిండా పోశాను. అందరూ నవ్వారు. గ్లాసు మూడుసార్లు చుట్టి వచ్చింది.

సాయంత్రం అనీషోరాకి మూడు అక్షరాలు నేర్పాను. మూడూ వచ్చేశాయి. పొంగిపోయి నన్ను వాటేసుకుంది.


అక్టోబరు 5, ఆదివారం

నడుము లేవడం లేదు. పొద్దున అడిగితే అనీషోరాకి నిన్నటి మూడు అక్షరాల్లో ఒక్కటీ గుర్తు లేదు.


అక్టోబరు 6, సోమవారం

డాక్టర్ చెబోతారుకి ఫోన్ చేశాను. సంతోషిస్తుందనుకున్నాను.

"నలభై మూడుకి సున్నా?" అంది.

"అవును డాక్టర్‌గారూ."

కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినబడింది. "సరే ఒలేసియా. అదే నిజమైతే మంచిదే. లుంకాని జాబితాలోంచి తీసేస్తాను, ఆ చోటు ఇంకో ఊరికి పనికొస్తుంది. శుక్రవారం కాదు, పై శుక్రవారం, పదిహేడో తేదీ రాత్రి లోపు ఫారాలు పంపు. ఆ రోజే జాబితా ఖాయం చేస్తాం."

'అదే నిజమైతే' అన్న మాట నాకు నచ్చలేదు.

మధ్యాహ్నం జీనా వదిన బడినుంచి అనీషోరాని తీసుకొచ్చింది. సంచిలో టీచరు రాసిన చీటీ ఉంది. "మీ పాప బల్ల దగ్గర ఐదు నిమిషాలు కూర్చోదు. చెప్పింది గుర్తుండదు. కావాలనే చేస్తోంది. ఇంట్లో భయం చెప్పండి." వదిన దాన్ని నాలుగు మడతలు పెట్టి ఆప్రాన్ జేబులో దాచుకుంది.

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అని అడిగాను.

"ఇది తొమ్మిదోది" అంది. "మొదటిదాని దగ్గర కొట్టాను. తర్వాత కొట్టడం మానేశాను. కొడితే ఎందుకు కొడుతున్నానో దానికి తెలియడం లేదు."

వైద్యులు రావలసింది ఇలాంటి పిల్లల కోసమే, కానీ లుంకాకి రారు. అంతా సవ్యంగా ఉన్న ఊరికి ఎందుకు వస్తారు.


అక్టోబరు 7, మంగళవారం

శిక్షణలో ఇచ్చిన పుస్తకం ఇన్నాళ్ళకి పూర్తిగా చదువుతున్నాను. పధ్నాలుగో పేజీలో, తల్లి తాగుడు వల్ల దెబ్బతిన్న పిల్లల ఫొటోలున్నాయి. ముక్కు కింద ఉండే గాడి లేకుండా నున్నగా ఉంది, పై పెదవి గీత గీసినంత సన్నం, కళ్ళు చిన్నవి. ముఖం చూసి ఎవరూ తీర్మానం చెయ్యకూడదని, వైద్యులే పరీక్షించాలని కింద రాశారు.

నేనేమీ తీర్మానించడం లేదు.

అనీషోరాది వాళ్ళ తాత పోలిక. పెద్దమ్మ ఎప్పుడూ అంటుంది. తాత ఫొటో వంటింట్లో గోడకి ఉంది. వెళ్ళి చూశాను. మీసం దట్టంగా, నోటి మీదికి దిగి ఉంది. కళ్ళు మాత్రం చిన్నవే అనిపించాయి.


అక్టోబరు 8, బుధవారం

తాత పోలికే.


అక్టోబరు 9, గురువారం

ఒక ఫారంలో సంతకం మర్చిపోయాను. ఇరవై ఆరో ఫారం, లీలియా అనే ఆవిడది, మిల్లు వెనక ఇల్లు. పెద్దమ్మ కేంద్రంలో ఉంది కాబట్టి ఒక్కదాన్నే వెళ్ళాను. లీలియాకి ఎనిమిదో నెల. భోజనం చేస్తోంది. ముందు పళ్ళెం, పళ్ళెం పక్కన గ్లాసు. సగం తాగేసి ఉంది. ఎర్రగా ఉంది.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

"లీలియా అక్కా, మీరు మద్యం తాగనని రాయించారు కదా."

"తాగను."

"మరి ఇది?"

ఆవిడ గ్లాసుకేసి, నాకేసి చూసింది. నేను వేళాకోళం చేస్తున్నానేమోనని అనుమానం. "ఇది మన పీపాలోది కదమ్మా."

"వైనే కదా."

"వైనే. మరి మంచినీళ్ళతో మమలిగ మింగమంటావా? మద్యమంటే దుకాణంలో సీసాలో కొంటారే, అది. తాగి రోడ్డు మీద పడిపోతారే, అది. నేను పడిపోతున్నానా? ఇది మా ఆయన తొక్కి తీసింది. చక్కెర కలపలేదు, మందు కలపలేదు." తర్వాత జాలిగా చూసి, "నీకు బట్టీ చదువు ఎక్కువైనట్టుంది. మీ పెద్దమ్మనే అడుగు. పూటకో గ్లాసు తాగితే రక్తం పడుతుందని చెప్పింది ఆవిడే. మా పెద్దవాడప్పుడూ చెప్పింది" అంది.

సంతకం పెట్టించుకుని వచ్చేశాను. ఆ సంతకం ఎందుకు పెట్టించుకున్నానో నాకే తెలియదు.

లుంకాలో ఎవరూ తాగరు. పీపాలోది లెక్కలోకి రాదు. నాకూ రాలేదు. నేను పుట్టిన ఊరు ఇక్కడికి ఇరవై కిలోమీటర్లే. మా బల్ల మీద కూడా గ్లాసు తిరుగుతుంది. ఫారం మీద 'మద్యం' అన్న అచ్చు మాట చూసినప్పుడు నాకు గుర్తొచ్చిందీ దుకాణంలో సీసానే.

శనివారం గ్లాసు నింపి జీనా వదిన చేతికి ఇచ్చింది నేను. అంచుదాకా నింపాను.


అక్టోబరు 10, శుక్రవారం

కొలిచాను. పెద్దమ్మ ఇంటి గ్లాసులో రెండు వందల మిల్లీలీటర్లు పడుతుంది. కూజాలో రెండు లీటర్లు. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి నేలమాళిగలోకి దిగుతుంది. మామూలు రోజున వదిన వంతు రెండు గ్లాసులు. కోత రోజున ఐదు. ఎవరూ లెక్కపెట్టరు, ఎందుకంటే గ్లాసు ఎవరిదీ కాదు. చేతిలోకి వస్తుంది, పోతుంది.

సాయంత్రం పెద్దమ్మతో మాట్లాడాను. పెరట్లో తొక్కిన ద్రాక్ష పిప్పి తీస్తోంది. మోచేతుల దాకా ఎర్రగా ఉంది.

"పెద్దమ్మా, కడుపుతో ఉన్నవాళ్ళకి వైను తాగమని చెప్తావా?"

"తాగమనను. పూటకో గ్లాసు, అన్నంతో పాటు అంటాను. ఎర్రదే. తెల్లది పనికిరాదు."

"అది బిడ్డకి మంచిది కాదు."

"ఎవరన్నారు?"

"పుస్తకంలో ఉంది. డాక్టర్ చెబోతారు..."

"నాకూ డాక్టరే చెప్పాడు పిల్లా. నేను చదివిన నర్సుల బడిలో, తెల్లకోటు వేసుకుని, నల్లబల్ల మీద రాసి మరీ చెప్పాడు. ఇనుప బిళ్ళలు దొరికేవి కావు ఆ రోజుల్లో. మరి ఏం చెప్పమంటావు, మేకులు నమలమనా?" పిప్పి బకెట్‌లోకి విసిరింది. "ఈ ఊళ్ళో సగం మంది నా చేతుల్లోకి వచ్చి పడ్డవాళ్ళే. బాగానే తిరుగుతున్నారు."

నేను అనీషోరా పేరు ఎత్తలేదు. ఎత్తబోతున్నానని ఆవిడకి తెలిసిందనుకుంటాను. చేతులు తుడుచుకోకుండానే నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నీ కాగితంలో ఏం రాస్తావు? తుదోరా తాగించిందనా?"

"పేర్లు రాయం పెద్దమ్మా. నంబర్లే."

"లుంకాలో నర్సు ఒక్కతే. నంబరు రాసినా నేనే."

తర్వాత బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

నా పని ఫారాలు నింపడం. నింపాను. సంతకాలున్నాయి. ఎవరూ నన్ను తప్పుపట్టలేరు.


అక్టోబరు 11, శనివారం

పైన రాసిన చివరి నాలుగు వాక్యాలూ చదివాను. కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను, ఉండనీ. నా చేత్తో నేనే రాసిన అబద్ధం ఎలా ఉంటుందో తెలియాలి.


అక్టోబరు 12, ఆదివారం

జీనా వదినకి చెప్పేశాను. వంటింట్లో ఇద్దరమే ఉన్నాం, శీతాకాలానికి మిరపకాయలు చీరుతున్నాం. ఎలా మొదలుపెట్టాలో మూడు రకాలుగా రాసుకుని ఉంచుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు.

"వదినా, కడుపులో ఉన్న బిడ్డకి వైను మంచిది కాదు. ఎంతవరకు ఫరవాలేదో ఎవరికీ తెలియదు. అసలు తాగకపోవడమే మంచిది. ఇవాళ్టి నుంచి ఆపినా మేలే."

ఆవిడ కత్తి ఆపలేదు. ఇంకో కాయ చీరింది. గింజలు తీసింది. ఇంకోటి.

"అనీషోరాకి అదేనా?" అంది.

"నాకు తెలియదు. డాక్టర్లే చూసి చెప్పాలి."

"నీకు తెలియకపోతే ఆ పుస్తకం దిండు కింద ఎందుకు దాస్తున్నావు?"

నేను ఇంకో మిరపకాయ అందుకున్నాను.

"దాని కడుపప్పుడు కోతలు మూడు వారాలు పట్టాయి" అంది వదిన. "పొరుగువాళ్ళవి కూడా కోశాం. ప్రతి ఇంట్లో బల్ల, ప్రతి బల్ల మీద గ్లాసు. ఎవరిచ్చినా తీసుకున్నాను. తీసుకోకపోతే ఈ కోడలికి పొగరంటారు. పెళ్ళై ఏడాదే అప్పటికి." కత్తి కింద పెట్టింది. "అందరూ నాది గారాబం అన్నారు. టీచరు కావాలనే చేస్తోందంది. నేను దాన్ని కొట్టాను ఒలేసియా."

నేను ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. తీసేసింది. కోపంతో కాదు, మిరపకాయ చేత్తో కళ్ళు తుడుచుకోలేక, మోచేత్తో తుడుచుకోవడానికి.

"ఆ డాక్టర్లు ఎప్పుడొస్తారు?"

"మన ఊరికి రారు వదినా. ఇక్కడ ఎవరూ తాగరని నేను రాశాను కదా."

"అయితే మళ్ళీ రాయి" అంది. ఎంత తేలిగ్గా అందో.


అక్టోబరు 13, సోమవారం

మధ్యాహ్నం భోజనం దగ్గర గ్లాసు అన్నయ్య నుంచి వదిన దగ్గరికి వచ్చింది. వదిన అందుకుని, తాగకుండా నా ముందు పెట్టింది.

అన్నయ్య నమలడం ఆపాడు. "ఏం, నా వైను పులిసిందా?"

"నాకొద్దు."

"గ్లాసు తాకి పక్కన పెడతారా ఎవరైనా? ఒక గుక్క వెయ్యి, నా ముఖం చూసి."

"నీ ముఖం చూసే వద్దంటున్నా. అలాంటిదే ఇంకోటి పుట్టబోతోంది, దానికైనా బుర్ర బాగుండాలి."

మామూలుగా అయితే ఈ మాటకి ఇల్లు ఎగిరిపోయేలా నవ్వేవాళ్ళం. ఎవరూ నవ్వలేదు. అన్నయ్య తల్లికేసి చూశాడు. పెద్దమ్మ పులుసులోకి చూస్తోంది. నా ముందున్న గ్లాసు నేనూ తాగలేదు. పెద్దమ్మ ముందుకి జరిపాను. ఆవిడా తాగలేదు. వైను అలాగే ఉంది, ఈగ పడేదాకా.

సాయంత్రం ఆవిడ నా గదిలోకి వచ్చి, "ఆ పుస్తకం ఇటివ్వు" అంది. కళ్ళజోడు పెట్టుకుని పధ్నాలుగో పేజీ చూసింది. పేజీ నేను చెప్పలేదు. అదే తెరుచుకుంది, అన్నిసార్లు చూశాను కాబట్టి.

"అనీషోరాది తాత పోలికంటావు కదా పెద్దమ్మా" అన్నాను. ఆ మాట ఆవిడ నోటినుంచి మళ్ళీ వినాలనిపించింది.

"ఆయన మీసం కింద ఏముందో నలభై ఏళ్ళు చూసినదాన్ని నేను" అంది. "ఆ పెదవి ఇది కాదు. నాకెప్పుడో తెలుసు అది ఆయన పోలిక కాదని. ఎవరి పోలికో తెలియక ఆయన పేరు చెప్పాను."

పుస్తకం మూసి నా చేతికిచ్చింది. "నా మనవరాలి సంగతి నేను ఒప్పుకుంటాను. ఊరికి చెప్పమని మాత్రం అడక్కు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఎన్ని ఇళ్ళు, ఎంతమంది పిల్లలు. వాళ్ళందరి గేట్ల ముందూ నేను ఎలా నిలబడను?"

నేను అడగలేదు. కానీ అడగాలని నిశ్చయించుకున్నాను.


అక్టోబరు 14, మంగళవారం

డాక్టర్ చెబోతారుకి అంతా చెప్పాను. ఫారాల్లో ఉన్నది నిజం కాదని, సలహా ఇచ్చిన నర్సునే పక్కన కూర్చోబెట్టుకుని అడిగానని, నేనే ఒక గర్భిణికి గ్లాసు నింపి ఇచ్చానని.

తిడుతుందనుకున్నాను. "ఆ ప్రశ్న రాసింది మేం" అంది. "రాజధానిలో గదిలో కూర్చుని రాశాం. మిగతా ఊళ్ళ నుంచి కూడా సున్నాలే వస్తున్నాయి, తెలుసా? ఇలా ఫోన్ చేసింది మొదట నువ్వే." తర్వాత ఆవిడ పని మాటల్లోకి దిగింది. "శుక్రవారం మారదు. జాబితా మీద నా ఒక్కదాని సంతకమే కాదు ఉండేది. కనీసం ఇరవై మంది దగ్గర మళ్ళీ అడిగి నిజం రాసుకొస్తే లుంకా కోసం నేను కొట్లాడతాను. ఎలా అడుగుతావు?"

చెప్పాను. మద్యం అన్న మాట ఎత్తను. మీ కూజా ఎంత? రోజుకి ఎన్నిసార్లు కిందికి దిగుతుంది? బల్ల చుట్టూ ఎంతమంది? గ్లాసు ఎన్ని చుట్లు తిరుగుతుంది? కోతల్లో ఎన్ని? కడుపని తెలియకముందు ఎన్ని, తెలిశాక ఎన్ని?

"ఇది రాసి నాకు పంపు" అంది. "మిగతా పదకొండు మందికీ ఇస్తాను."

ఇరవై. రాత్రికల్లా ఇరవై కొత్త ఫారాలు చేత్తో రాసేశాను. వేళ్ళు వంకరపోయాయి. ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ రాస్తుంటే ఒక సంగతి గమనించాను. పాత ఫారంలో ప్రశ్న మనిషిని నిలదీసింది. కొత్తదాంట్లో బల్ల ముందు కూర్చుంటుంది. మంచి ప్రశ్న రాయడం కూడా రాయడమే.


అక్టోబరు 15, బుధవారం

ఏడు ఇళ్ళకి వెళ్ళాను, ఒక్కదాన్నే. ఏడు చోట్లా కుర్చీ వేశారు, వాల్‌నట్లు పెట్టారు. ఏడు చోట్లా కూజా కొలత చెప్పారు, మగవాళ్ళ సంగతి చెప్పారు, మామగారి సంగతి నవ్వుతూ చెప్పారు. "మరి మీరు?" అనగానే గ్లాసు వాళ్ళని దాటుకుని వెళ్ళిపోయింది. ఏడు చోట్లా.

లీలియా అయితే తలుపు దగ్గరే చెప్పేసింది. ఆవిడ కడుపు తలుపుకి తగులుతోంది. "నాకు అర్థమైంది ఒలేసియా, నువ్వు ఎందుకు తిరుగుతున్నావో. మొన్న నేను నోరు జారాను. తుదోరమ్మ చెప్పిందని అన్నాను. అది రాయకు."

"ఎవరి పేరూ రాయను అక్కా."

"మా పెద్దవాడు కడుపులో అడ్డం తిరిగితే మంచులో మూడు కిలోమీటర్లు నడిచొచ్చింది ఆవిడ. ఈ వయసులో ఆవిడ ఉద్యోగం పోగొట్టే పాపం నాకొద్దు. నేను తాగలేదు. ఎన్నిసార్లు అడిగినా తాగలేదు."

నేను వాళ్ళు సిగ్గుపడుతున్నారనుకున్నాను. సిగ్గు కాదు. ఏడుగురూ పెద్దమ్మని కాపాడుతున్నారు.

ఏడుకి సున్నా. ఇంకా రెండు రోజులు.

ఇంటికొచ్చి పెద్దమ్మకి చెప్పాను. అడక్కు అన్న సంగతి అడిగాను. "నువ్వే వచ్చి చెప్పమంటే తప్ప వాళ్ళు నోరు విప్పరు" అన్నాను. ఆవిడ అనీషోరాకి జడ వేస్తోంది. విప్పి, మళ్ళీ వేసింది.


అక్టోబరు 16, గురువారం

పొద్దున ఇంకో నాలుగు ఇళ్ళు. పదకొండుకి సున్నా. మిగిలినవాళ్ళ దగ్గరికి రేపు వెళ్ళి తీరతాను, ఈ పదకొండు సున్నాలు నలభై దాటినా సరే, ఖాళీ ఫారాలే అయినా సరే పట్టుకెళ్ళి డాక్టర్‌గారి బల్ల మీద పెడతాను. అలా అనుకుంటూ ఇంటికి వచ్చాను.

పెద్దమ్మ రోజూకన్నా గంట ముందే కేంద్రం నుంచి వచ్చేసింది. కోటు విప్పలేదు. వంటింట్లో నేనూ జీనా వదినా ఉన్నాం. నిలబడే చెప్పింది.

"ఇవాళ ఒక పిల్ల వచ్చింది. పద్దెనిమిదేళ్ళు. మూడో నెల. నీ జాబితాలో లేదు, కొత్తగా వచ్చింది. రక్తం చూశాను, తక్కువుంది. బిళ్ళలు రాసిచ్చాను. కాగితం చేతికిస్తూ, 'అమ్మాయ్, అన్నంతో పాటు పూటకో...' అని నోటికొచ్చేసింది. అక్కడ ఆపేశాను."

"ఆపావు కదా" అన్నాను.

"నేను ఆపాను. అది ఆపలేదు. '...గ్లాసు ఎర్రది' అని తనే పూర్తిచేసింది. నవ్వుతూ. 'మా అమ్మకీ మీరే చెప్పారట, చిన్నప్పటి నుంచీ వింటున్నా' అంది." పెద్దమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నేను చచ్చినా ఆ మాట నడుస్తూనే ఉంటుంది జీనా. నా గొంతుతోనే."

జీనా వదిన పొయ్యి మీది గిన్నె దించి వచ్చి అత్తగారి ఎదురుగా కూర్చుంది. ఇద్దరి మధ్యా సోమవారం నుంచీ సరైన మాటల్లేవు.

"ఆ పిల్లకి ఏం చెప్పారు అత్తయ్యా?"

"తప్పు చెప్పానన్నాను. మీ అమ్మకి కూడా తప్పే చెప్పానన్నాను. నమ్మలేదు. వేళాకోళం అనుకుంది. మూడుసార్లు చెప్పాను." పెద్దమ్మ కోటు బొత్తాలు విప్పడం మొదలుపెట్టి, రెండు విప్పి ఆపేసింది. "ఒకసారి చెప్పాక రెండోసారి అంత కష్టం లేదు. మూడోసారి ఇంకా తేలిక. నలభై మూడోసారికి ఎలా ఉంటుందో చూద్దాం."

"ఆ నలభై మూడిట్లో నేనూ ఉన్నాను" అంది వదిన. "నాకింకా చెప్పలేదు మీరు."

నేను గదిలోంచి వెళ్ళిపోదామని లేచాను. పెద్దమ్మ కూర్చోమని చెయ్యి ఊపింది. తర్వాత వదినకేసి తిరిగి చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను. అది వదినది. వదిన విని, తల ఊపి, "నేను కూడా అడగలేదు లెండి" అంది. లేచి, గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. "నా ఫారం ఇవ్వు ఒలేసియా. ఐదు రాయి. కోతప్పుడు ఐదు. అనీషోరాప్పుడు ఇంకా ఎక్కువ, ఆరనుకుంటా. సరిగ్గా గుర్తులేదని కూడా రాయి."

రాశాను. లుంకాలో మొదటి నిజమైన ఫారం.

భోజనాలయ్యాక పెద్దమ్మ బల్ల తుడిచి, నా ఫారాలు తీసుకుని ఇళ్ళ వారీగా పంచింది. నేను వీధుల వరసలో పెట్టుకున్నాను. ఆవిడ వేరే వరసలో పెట్టింది. "పాలు పితికేవాళ్ళు ముందు, ఏడింటికల్లా బయటికి పోతారు. మిల్లు పనివాళ్ళు తర్వాత. చంటిపిల్లలున్న ఇళ్ళకి పదింటికి, అప్పటికి పడుకోబెడతారు. మగాళ్ళు ఇంట్లో ఉండే ఇళ్ళు ఈ ఆరూ. వాటికి మధ్యాహ్నం, వాళ్ళు తోటల్లో ఉన్నప్పుడు." కేంద్రం తలుపుకి తగిలించడానికి చీటీ కూడా రాసింది: నర్సు రేపు ఇళ్ళకు వస్తుంది. సాయంత్రం నాలుగున్నరకి కిషినౌ బస్సు. అన్నయ్య నన్నూ ఫారాలనీ బస్సు దాకా బండిలో దింపుతానన్నాడు. అందరూ తనని ఎందుకలా చూస్తున్నారని అడిగాడు కానీ, మాట వెనక్కి తీసుకోలేదు.

ఒక పూటలో ఇరవై దొరుకుతాయా అంటే, "దొరుకుతాయి" అంది పెద్దమ్మ. "దొరక్కపోతే ఆ డాక్టరమ్మతో నేను ఫోన్‌లో మాట్లాడతాను. అనీషోరా ఇంకో వసంతం దాకా ఆగలేదు."

రేపు పొద్దున ఆరుంపావుకి బయల్దేరాలి. మొదటి ఇల్లు లీలియాది. పెద్దమ్మే ఎంచుకుంది, అందరికన్నా గట్టిగా కాదనేది ఆవిడే కాబట్టి. నిన్నా ఇవాళా రాసినవి కలిపి ఖాళీ చేతిరాత ఫారాలు ముప్ఫై ఒకటి ఉన్నాయి, ఆ కొత్త పిల్లతో సహా అందరికీ సరిపోవాలంటే ఇంకో పన్నెండు ఇప్పుడు రాసి పడుకోవాలి. పెన్సిళ్ళు రెండు చెక్కి పెట్టాను. పెద్దమ్మ ఒకటే షరతు పెట్టింది: గేటు దగ్గర ఆవిడ చెప్పవలసింది ఆవిడ చెప్పడం అయ్యేదాకా, ఎంతసేపు పట్టినా, మధ్యలో ఆగిపోయినా సరే, నేను మాట అందించకూడదు.